ఒకే చోట పడ్డ గింజలు

మీరయ్య కథలో ఒక్క వాక్యం మొండికేసింది.

నాలుగు పేజీల కథ అది. పన్నెండు మంది చదివారు. పన్నెండు మందీ మొదటి పేజీ గడగడా చదివారు, రెండో పేజీ గడగడా చదివారు, మూడో పేజీ చివర ఒకే చోటికి వచ్చి ఆగిపోయారు. అక్కడెవరో అడ్డంగా తాడు కట్టినట్టు.

ఆగిన ప్రతిసారీ మీరయ్య గిన్నెలో ఒక చింతగింజ వేశాడు. పన్నెండు గింజలయ్యాయి. మిగతా కథ మొత్తానికీ కలిపి ఒక్క గింజ పడలేదు.

"ఒక్క వాక్యం బాబా. అదొక్కటి దాటితే నా కథకి వందకి వంద" అన్నాడు మీరయ్య.

సిలార్ బాబా చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"అంత కష్టంగా రాశావా?"

"అదే విచిత్రం. కథ మొత్తంలో అంతకంటే సులువైన వాక్యం లేదు. నాలుగే మాటలు. ఏ మాటలోనూ నాలుగక్షరాలు దాటలేదు. లెక్క ప్రకారం నిన్న పలక పట్టినవాడు కూడా చదివెయ్యాలి."

"చదివారు కదా."

"చదివి ఆగుతున్నారు బాబా."

బాబా ఒక రాయి ఏరి పక్కన పెట్టారు. "నువ్వు చదివితే?"

"నేను రాసినవాణ్ణి. నేను చదవడమేంటి?"

బాబా మళ్ళీ బియ్యంలోకి వంగారు.

వాళ్ళుండే తకియా సముద్రానికి మైలు దూరంలో, ఉప్పు మళ్ళ మధ్య ఒక ఇసుక దిబ్బ మీద ఉంది. తకియా అంటే ఫకీర్లు ఉండే చోటు. మూడు తాటాకు పాకలు, ఒక పాత గోరీ, ఒక వంటపాక, వెనక సరుగుడు తోపు. రెండేళ్ళ కిందట ఉప్పెన వచ్చినప్పుడు పాకలన్నీ ఎగిరిపోయాయి గానీ దిబ్బ మాత్రం నీళ్ళ పైనే నిలిచింది. చుట్టుపక్కల మూడు పల్లెల్లో బతికినవాళ్ళలో చాలామంది ఆ దిబ్బ ఎక్కినవాళ్ళే. ఎక్కలేనివాళ్ళ పేర్లు తర్వాత చాలా రోజులు అక్కడే చదివారు.

మీరయ్య అప్పుడు ఉప్పు మళ్ళలో గుమాస్తా. పొద్దున్నే హాజరు పుస్తకం చంకన పెట్టుకుని గట్ల మీద తిరిగేవాడు. ఉప్పెన పోయిన రెండో నెలలో ఒక చేతిసంచీతో వచ్చి బాబా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. గుమాస్తాకి వైరాగ్యం వచ్చిందని జనం అనుకున్నారు. మీరయ్య కాదనలేదు. వైరాగ్యం అని పేరు పెడితే నిద్ర పట్టకపోవడానికి కూడా కాస్త గౌరవం వస్తుంది.

గుమాస్తాగిరీ పోయింది గానీ లెక్కల పిచ్చి పోలేదు. ఎన్ని చెంబుల నీళ్ళు తోడాడో లెక్క. ఎన్ని కాకులు వాలాయో లెక్క. బాబా రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతారో కూడా ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. సగటున నలభై ఒకటి. అందులో పదకొండు పిల్లిని పిలవడానికే.

బాబా అతనికి ఒక పని అప్పగించారు. మధ్యాహ్నం పూట ఉప్పు మళ్ళ కూలీలు వచ్చి కూర్చుంటే అక్షరాలు దిద్దించడం. పెద్దవాళ్ళు, చేతులు ఉప్పుకి పగిలినవాళ్ళు. పలక మీద బలపం కంటే ఆ చేతులే ఎక్కువ కీచుమనేవి.

ఆ పని మీదే మీరయ్యని పట్నంలో మూడు రోజుల శిక్షణకి పిలిచారు. కొత్తగా చదువు నేర్చినవాళ్ళకి కథలు ఎలా రాయాలో అక్కడ ఒక పెద్దసారు చెప్పాడు. వాక్యంలో ఎనిమిది మాటలు దాటకూడదు. మాటలో నాలుగక్షరాలు దాటకూడదు. దాటిన ప్రతిదానికీ వందలోంచి ఒక మార్కు తీసెయ్యాలి. మిగిలినవే ఆ కథ సులువు మార్కులు. తొంభై దాటిన కథలు అచ్చు వేస్తారట. వందకి వంద వచ్చిన రచయితకి శాలువా కప్పుతారట.

కథ ఎంత బాగుందో కూడా అంకెల్లో తేలుతుందని తెలిసిన క్షణం మీరయ్య కళ్ళు చెమర్చాయి. తను ఎందుకు పుట్టాడో అతనికి అప్పుడే అర్థమైంది.

తిరిగొచ్చాక కనబడినదానికల్లా మార్కులు వేశాడు. గోరీ మీద చెక్కిన రాతకి ఇరవై రెండు. ఉప్పు కంపెనీ నోటీసుకి సున్నాకి కింద ఆరు. తను పద్దెనిమిదో ఏట రాసి పంపలేకపోయిన ప్రేమలేఖ జ్ఞాపకం తెచ్చుకుని దానికి ముప్పై నాలుగు వేశాడు. పంపకపోవడమే మంచిదైందని ఊపిరి పీల్చుకున్నాడు. (ఉప్పు మళ్ళ మధ్య దిబ్బ మీద కూర్చుని ఊరందరి మాటలకీ మార్కులు వేసుకుంటున్న ఒక మాజీ గుమాస్తా గురించి ఇంత పొడుగు వాక్యాలు రాస్తున్నవాణ్ణి చూస్తే మీరయ్య గడప తొక్కనిచ్చేవాడు కాదు.)

వంటపాకలో హుసేన్‌బీ ఒకరోజు గరిట పట్టుకుని అడిగింది. "ఒరే మీరయ్యా, నా తిట్లకి ఎన్నిరా?"

"తొంభై ఎనిమిది పిన్నీ."

"ఆ రెండూ ఎక్కడ పోయాయిరా, దొంగసచ్చినోడా?"

"ఇదిగో, ఇప్పుడు తిట్టినదానికే ఒకటి పోయింది. అక్షరాలు ఎక్కువ."

ఆ రోజు అతనికి అన్నంలో పప్పు పడలేదు.

పెద్దసారు లెక్కకి మీరయ్య తన సొంత లెక్క ఒకటి కలిపాడు. కథని ఎవరిచేతనైనా పైకి చదివించాలి. ఎక్కడ తడబడినా, ఎక్కడ ఆగినా ఒక గింజ వెయ్యాలి. గింజ పడిందంటే అక్కడ రాయి ఉన్నట్టు. రాయిని ఏరెయ్యాలి. బాబా బియ్యం ఏరడం చూసే తనకి ఈ ఉపాయం తట్టిందని అందరికీ చెప్పేవాడు. బాబాకి కూడా చెప్పాడు. బాబా పిల్లిని పిలిచారు.

గింజలు ఎక్కడివంటే, గోరీ పక్కన మూతపెట్టిన కుండలోవి. వెయ్యి చింతగింజలు. ఎవరైనా పోతే వాళ్ళ పేరు మీద నలుగురూ కూర్చుని, దేవుణ్ణి తలుచుకున్న ప్రతిసారీ ఒక్కో గింజ తీసి మళ్ళీ కుండలో వేసేవాళ్ళు. అల్లా అనేవాళ్ళు అల్లా అని, రామా అనేవాళ్ళు రామా అని వేసేవాళ్ళు. ఏమీ అనలేనివాళ్ళు ఊరికే వేసేవాళ్ళు. ఉప్పెన తర్వాత నలభై రోజులు ఆ కుండకి మూత పడలేదు. గింజలు అరిగి నున్నగా అయిపోయాయి.

తర్వాత కుండ ఊరికే పడి ఉంది కదా అని మీరయ్య అందులో గింజల్ని తడబాట్ల లెక్కకి తెచ్చుకున్నాడు. బాబా చూశారు. వద్దనలేదు.

ఆ నలభై రోజుల్లో ఒక్క పేరు మీద మాత్రం గింజ పడలేదు.

ఆదెమ్మ కూతురు వరాలు. పద్నాలుగేళ్ళు. ఉప్పెన వచ్చిన రోజు ఆదెమ్మ జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. రోజు కూలి పోతుందని ఆమె ఏడుస్తుంటే, నీ బదులు పిల్లని పంపు, నీ పేరు మీదే హాజరు వేస్తానని చెప్పింది మీరయ్యే. వరాలు వచ్చింది. మధ్యాహ్నానికి సముద్రం వచ్చింది. నీళ్ళు పట్టుకున్నప్పుడు పిల్ల పక్కన ఉన్నది గుమాస్తా ఒక్కడే. మర్నాడు తాటిచెట్టు మీంచి దింపినప్పుడు అతను ఒక్కడే ఉన్నాడు.

పిల్ల దొరకలేదు.

"నా బిడ్డ ఎలా పోయిందో తెలిసేదాకా దాని పేరు మీద గింజ వెయ్యొద్దు" అంది ఆదెమ్మ. బాబా సరేనన్నారు.

ప్రతి గురువారం ఆదెమ్మ దిబ్బ ఎక్కి వచ్చేది. "గుమాస్తా బాబూ, మా వరాలు ఎలా పోయింది?" అని అడిగేది. అదే మాట. అదే గొంతు.

ఒకరోజు మీరయ్య నేల చూస్తూ అన్నాడు. "నోట రావడం లేదు ఆదెమ్మా. రాసిస్తాను."

"నాకు చదువు రాదు గదా బాబూ."

"ఎవరిచేతనైనా చదివించుకో."

"ఇంకొకళ్ళ నోట వద్దు. నేనే నేర్చుకుంటాలే."

ఎలాగూ ఆమె వల్ల కాదని మీరయ్య అనుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆమె పదకొండు నెలలు దిద్దింది. మళ్ళలో ఉప్పు గీరే పలకతో గట్టు మీద అక్షరాలు రాసుకునేదని, రాసి చెరిపేదని తోటివాళ్ళు చెప్పేవాళ్ళు. ఇప్పుడు చీపురుపుల్ల ఒకటి పట్టుకుని, అక్షరం కింద అక్షరం నడిపిస్తూ చదివేస్తోంది. వచ్చే గురువారం కథ ఇస్తానని మీరయ్య మాటిచ్చాడు. ఇక తప్పించుకునే దారి లేదు.

కథ రాయడం అతనికి ఒక పూటే పట్టింది. పేర్లు పెట్టలేదు. ఒక మనిషి, ఒక పిల్ల, ఒక చెట్టు. తకియాకి వచ్చేవాళ్ళచేత చదివిస్తే సంగతి పొక్కుతుంది కాబట్టి, వాగు దాటి తనెవరో తెలియని పల్లెలకి వెళ్ళాడు. అక్కడా ఉప్పు మళ్ళే. అక్కడా కొత్తగా చదువు నేర్చినవాళ్ళే. గింజల సంచీ, గిన్నె తీసుకెళ్ళాడు.

మొదట చదివినామె ఆ వాక్యం దగ్గర ఆగి, పుస్తకం ఒళ్ళో బోర్లించి, సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది. గింజ.

ఇంకొకతను చదివి లేచి వెళ్ళి కడవలోంచి నీళ్ళు తాగి, ఇంకో చెంబు తాగి, మళ్ళీ వచ్చి కూర్చోలేదు. గింజ.

ఒక ముసలాయన అక్కడిదాకా వచ్చి, వేలు వెనక్కి జరిపి, మళ్ళీ చదివాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు.

"ఏ అక్షరం అడ్డం తగిలింది తాతా?" అన్నాడు మీరయ్య గింజ వేస్తూ.

"అక్షరాలకేం నాయనా, గుండ్రంగా ఉన్నాయి."

"మరెందుకు ఆగావు?"

ముసలాయన కాగితాలు తిరగేసి చూసి అడిగాడు. "ఇది రాసింది ఎవరు?"

"తెలీదు. పట్నం నుంచి వచ్చింది."

"పట్నంవాడికి ఇది ఎలా తెలిసిందో" అన్నాడు ముసలాయన, తనలో తను అనుకుంటున్నట్టు.

మీరయ్య పన్నెండు గింజలూ సంచీలో వేసుకుని వాగు దాటి వచ్చేశాడు. బాబాని అడిగింది ఆ సాయంత్రమే. బాబా ఏమీ తేల్చకపోవడంతో తనే తేల్చుకున్నాడు.

ఆ వాక్యం ఉన్న కాగితం చించేశాడు. దాని బదులు ఇంకొకటి రాశాడు.

'అల పెద్దది, చెయ్యి జారింది.'

ఇదీ నాలుగు మాటలే. ఇందులోనూ నాలుగక్షరాలు దాటిన మాట లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పెద్దసారు లెక్క కట్టాడు. దానికీ పూర్తి మార్కులే, దీనికీ పూర్తి మార్కులే. లెక్కకి రెండూ ఒకటే. మరి మార్చినదాంట్లో తప్పేముంది?

మర్నాడు వాగు అవతల ఇంకో పల్లెకి వెళ్ళి ఐదుగురిచేత చదివించాడు. ఐదుగురూ చివరిదాకా ఆగకుండా చదివేశారు. ఒక్క గింజ పడలేదు. ఒకామె చదివి పక్కన పెట్టేసి, "వంకాయలు ఎంతకిస్తున్నారు మీ ఊళ్ళో?" అని అడిగింది.

వందకి వంద. మీరయ్య శాలువా ఏ రంగుదైతే బాగుంటుందో ఆలోచిస్తూ నడిచాడు. చించిన కాగితం మాత్రం మడిచి జేబులోనే ఉంది. తకియాకి రాగానే పొయ్యిలో వేద్దామనుకున్నాడు. ఆ రోజు మర్చిపోయాడు. మర్నాడు పొయ్యి పక్కనే గంటసేపు కూర్చుని కూడా మర్చిపోయాడు.

గురువారం వచ్చింది.

ఆదెమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. చేతిలో చీపురుపుల్ల. మీరయ్య పెద్ద పెద్ద అక్షరాలతో తిరగరాసిన పుస్తకం ఆమె చేతికిచ్చాడు. ఇందులో పిల్ల అన్నచోట వరాలు అని, మనిషి అన్నచోట గుమాస్తా అని మార్చాడు. బాబా ఎప్పట్లాగే చేట ముందేసుకుని కూర్చున్నారు. వంటపాకలోంచి హుసేన్‌బీ రుబ్బురోలు చప్పుడు వినిపిస్తోంది.

మీరయ్య అలవాటు కొద్దీ గిన్నె పక్కన పెట్టుకున్నాడు. గింజ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

ఆదెమ్మ చదివింది.

"ఆ రోజు గాలి వీచింది. అమ్మకి జ్వరం. వరాలు పనికి వచ్చింది. వరాలు ఉప్పు గీరింది."

పుల్ల నడుస్తోంది. కూతురి పేరు దగ్గర ఆమె గొంతు వణకలేదు. పేరు సరిగ్గా రాశాడా అని చూసుకున్నట్టు తలూపి ముందుకి పోయింది. రెండో పేజీలో నీళ్ళు వచ్చాయి. గట్లు తెగాయి. మూడో పేజీలో తాటిచెట్టు వచ్చింది.

"గుమాస్తా ఒక చేత్తో చెట్టు పట్టాడు. ఒక చేత్తో వరాలుని పట్టాడు. మొదటి అల పోయింది. ఇంకో అల వచ్చింది. అల పెద్దది, చెయ్యి జారింది."

మీరయ్య వేళ్ళ మధ్య గింజ బిగుసుకుంది.

ఆమె ఆగలేదు. "పొద్దున నీళ్ళు తీశాయి. ఎండ వచ్చింది" అని నాలుగో పేజీ కూడా పూర్తిచేసి, పుస్తకం మూసింది.

సున్నా. గిన్నె ఖాళీ.

"బాగుంది బాబూ. నున్నటి బండ మీద నీళ్ళు పోసినట్టు పోయింది. ఎక్కడా అడ్డం తగల్లేదు" అంది ఆదెమ్మ.

మీరయ్య ఊపిరి వదిలాడు. "నీ కష్టమే ఆదెమ్మా. పదకొండు నెలలు..."

"మరి మా వరాలు ఎలా పోయింది?"

రుబ్బురోలు చప్పుడు ఆగింది.

"రాశాను కదా ఆదెమ్మా. చదివావు కదా ఇప్పుడే. అల పెద్దది... చెయ్యి..."

"నీళ్ళలో చేతులు జారతాయి బాబూ. అది నాకు చదువు రాకముందే తెలుసు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. పుస్తకం అతని ముందు నేల మీద పెట్టింది. ఇంకొకళ్ళ వస్తువు తిరిగిచ్చినట్టు పెట్టింది. చీపురుపుల్ల కొప్పులో దోపుకుని లేవబోయింది.

"కూర్చో తల్లీ" అన్నారు బాబా.

ఆమె కూర్చుంది.

బాబా చేట పక్కకి జరిపారు. మీరయ్య వైపు చూశారు.

"ఆ రోజు అడిగావే, అందరూ ఆగుతున్నారని. ఆ వాక్యం ఏది?"

"తీసేశాను బాబా."

"తీసి ఎక్కడ పెట్టావు?"

మీరయ్య చెయ్యి తనంతట తనే జేబు మీదకి వెళ్ళింది. ఆ తర్వాత అబద్ధం ఆడడానికి వీల్లేకపోయింది.

బాబా లేచి గోరీ పక్కనున్న కుండ తెచ్చుకున్నారు. ఒళ్ళో పెట్టుకుని మూత తీశారు. గింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య పట్టుకున్నారు, అచ్చం మీరయ్య పట్టుకున్నట్టే.

"చదువు. ఈసారి గింజలు నేను వేస్తాను."

మీరయ్య కాగితం విప్పాడు. చెమటకి మడతల దగ్గర సిరా అలుక్కుపోయింది. అయినా అతనికి చూసే పనేముంది, అక్షరం అక్షరం తెలుసు. మూడో పేజీ మొదటినుంచి అందుకున్నాడు. హాజరు పిలిచే గొంతుతో గబగబా మొదలుపెట్టాడు.

"నీళ్ళు మెడ దాకా వచ్చాయి. అక్కడ ఒక చెట్టు ఉంది. ఆ మనిషి ఒక చేత్తో చెట్టు పట్టాడు. ఒక చేత్తో పిల్లని పట్టాడు. మొదటి అల పోయింది. ఇంకో అల వచ్చింది."

ఆగాడు.

ఎదురుగా బాబా వేళ్ళ మధ్య గింజ కనిపిస్తోంది. అది పడుతుందని చూశాడు. పడితే ఒక చప్పుడు అవుతుంది, చప్పుడయితే ఏదో ఒకటి ముగుస్తుంది. గింజ పడలేదు. బాబా వేళ్ళు కదల్లేదు. వంటపాక గుమ్మంలో హుసేన్‌బీ పిండి చేతులతో నిలబడి ఉంది. మళ్ళ మీంచి వచ్చే గాలికి కాగితం కొస కొట్టుకుంటోంది.

నాలుగు మాటలు. ఏ మాటలోనూ నాలుగక్షరాలు దాటలేదు.

"చెయ్యి జారలేదు" అని చదివాడు.

ఆదెమ్మ తల ఎత్తింది.

"చెయ్యి జారలేదు, అతనే..."

మళ్ళీ ఆగాడు. ఈసారి కాగితం మడిచేశాడు. దాన్ని చూడకుండా అన్నాడు.

"నేనే వదిలాను."

పిల్లి వచ్చి చేటలో బియ్యం వాసన చూసి వెళ్ళిపోయింది.

"పట్టు ఉండీ వదిలావా?" అంది ఆదెమ్మ.

"ఉండీ వదిలాను. ఒక చేత్తో చెట్టు ఆగదనిపించింది. రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. నాకు."

"అప్పటికి పిల్ల బతికుందా?"

"ఉంది."

"ఏమన్నా అందా?"

మీరయ్య మడిచిన కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు. "వదలక ముందు అంది. 'గుమాస్తా గారూ, అమ్మకి హాజరు వేశారా' అని అడిగింది."

హుసేన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"నువ్వేమన్నావు?"

"వేశానన్నాను."

ఆదెమ్మ తలూపింది. పుస్తకం చదివేటప్పుడు కూతురి పేరు దగ్గర ఊపినట్టే ఊపింది. తర్వాత అడిగింది.

"ఏ చెయ్యి?"

మీరయ్య కుడిచెయ్యి చాపాడు. హాజరు వేసిన చెయ్యి, కథ రాసిన చెయ్యి, గింజలు వేసిన చెయ్యి అదే. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

ఆమె ఆ చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, అరచెయ్యి పైకి తిప్పింది. కొప్పులోంచి చీపురుపుల్ల తీసింది. ఎడమనుంచి కుడికి, గీత కింద గీతగా నడిపించడం మొదలుపెట్టింది, పెదాలు కదుపుతూ. కొంచెం నడిచి ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. ఎంతసేపైనా ఆ పుల్ల ఆ అరచెయ్యి దాటలేదు.

ఎండ సరుగుడు తోపు మీదకి దిగింది. అప్పుడు బాబా వేళ్ళ మధ్య గింజని కుండలో వెయ్యకుండా ఆమె పక్కన నేల మీద పెట్టారు. కుండ ఆమె ముందుకి జరిపారు.

"ఇప్పుడు వెయ్యి తల్లీ."

ఆదెమ్మ ఒక చేత్తో మీరయ్య చెయ్యి పట్టుకునే ఉంది. రెండో చేత్తో ఆ గింజ తీసింది. ఏ దేవుడి పేరూ అనలేదు. "వరాలు" అంది. గింజ వేసింది.

చీకటి పడేదాకా వేస్తూనే ఉంది.

ఎన్ని పడ్డాయో మీరయ్య లెక్కపెట్టలేదు.